అంధాధున్ క్లైమాక్స్: కుందేలు నిజమా, ఆకాష్ అల్లిన కథా?

గోదారిగట్టు
2018లో వచ్చిన సినిమాకి ఇప్పుడు థ్రెడ్ ఏంటని తిట్టకండి. నిన్న రాత్రి మా ఆవిడా, బావమరిదీ, నేనూ కలిసి చూశాం. సినిమా అయిపోయాక మొదలైన గొడవ ఇంకా తెగలేదు. గుడ్డివాడిలా నటించే పియానిస్టు ఆకాష్ ఓ ఇంట్లో శవాన్ని చూస్తాడు, ఆ హత్యలో చెయ్యున్న సిమి తర్వాత విషం పెట్టి అతని చూపు నిజంగానే పోగొడుతుంది, అదీ కథ. చివర్లో పోలండ్‌లో ఆకాష్ వీధిలో నడుచుకుంటూ వెళ్తూ దారిలో ఉన్న డబ్బాని కర్రతో ఒక్కటి కొడతాడు కదా. ‘వాడికి కళ్లు కనిపిస్తున్నాయి, సిమిని చంపించి ఆమె కళ్ల కార్నియా పెట్టించుకున్నాడు’ అని మా ఆవిడ. ‘చిరాకులో కర్ర విసిరాడు, డబ్బా తగిలింది, అంతకుమించి ఏం లేదు’ అని బావమరిది. నాకు ఇద్దరిదీ కరెక్టే అనిపిస్తోంది కానీ ఇంట్లో ఆ మాట చెల్లడం లేదు. మీరేమంటారు?

మోడరేటర్
సినిమా చూడనివాళ్లు ఇక్కడితో ఆగిపోండి. కింద సస్పెన్స్ అంటూ ఏదీ మిగలదు.

సెకండ్‌షో శీను
మీ ఆవిడదే కరెక్ట్ అన్నా. సినిమా చూడకపోయినా నేను ఇదే జవాబు చెప్పేవాణ్ణి.

లాజిక్‌లింగం
డబ్బా సంగతి తర్వాత. ముందు పట్టుకోవాల్సింది కుందేలుని. ఆకాష్ రెండేళ్ల తర్వాత పోలండ్‌లో తన పాత ప్రేయసి సోఫీకి చెప్పిన కథ ప్రకారం సిమి కారు ఆపి అతన్ని రోడ్డు మీద దించేసింది. కొంత దూరం పోయి బండి వెనక్కి తిప్పి అతని మీదకే తోలింది. సరిగ్గా అప్పుడే పక్కన ఒకాయన కుందేలు మీద తుపాకీ పేల్చాడు. అది ఎగిరొచ్చి కారు అద్దానికి తగిలింది, సిమికి స్టీరింగ్ తప్పింది, కారు పల్టీలు కొట్టింది.

వినడానికి బాగుంది. కానీ అప్పటికి ఆకాష్ నిజంగానే చూపు పోయినవాడు. అద్దానికి తగిలింది కుందేలే అని ఎవరు చెప్పారు? వేటగాడు వచ్చి ‘బాబూ, మీ ప్రాణం కాపాడింది నా కుందేలే’ అని రసీదు రాసిచ్చాడా? కారు నడుపుతున్నది అవయవాలు అమ్ముకునే డాక్టర్ స్వామి అనుకుని ముందు సీట్లో కూర్చుని నీతులు చెబుతున్నవాడికి, వెనక డిక్కీ దగ్గర సిమి ఆ డాక్టర్ని ఎలా మట్టుబెట్టిందో ఎలా తెలుసు? ఇవన్నీ కళ్లతో చూసినవాడు చెప్పాలి, లేదంటే కూర్చుని అల్లినవాడు చెప్పాలి. మూడో దారి లేదు.

వరంగల్_వాసు
ఉంది లింగం అన్నా. సినిమా మొదలయ్యేదే కుందేలుతో. క్యాబేజీ తోట, తుపాకీ పట్టుకున్న మనిషి, ఒక కన్ను పోయిన కుందేలు, తుపాకీ పేలుడు, చీకట్లో బండి చప్పుడు. అప్పటికి ఆకాష్ లేడు, సోఫీ లేదు, కాఫీ తాగుతూ చెప్పే పెద్ద కథా లేదు. అది డైరెక్టర్ నేరుగా మనకు చూపించిన ముక్క. కాబట్టి కుందేలు ఉంది. దాని గురించి ఆకాష్‌కు తెలుసా లేదా అన్నది వేరే కేసు.

లాజిక్‌లింగం
మొదటి సీన్‌లో కుందేలు ఉంది, ఒప్పుకుంటా. అది సిమి కారుకే అడ్డం పడిందని మొదటి సీన్ చెప్పదు. బండి చప్పుడు వినిపిస్తుందంతే. ఆ చప్పుడుకీ సిమికీ ముడి వేసింది ఆకాష్ నోరే.

సెకండ్‌షో శీను
ఇక్కడ అందరూ తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటున్నారు. పాపం దానికి ఉన్నదే ఒక్క కన్ను, కాస్త జాలి చూపించండి.

మాస్‌మహేష్
నాకు ఈ సినిమా ఎందుకంత గొప్పో ఇప్పటికీ అర్థం కాలేదు. ఫస్టాఫ్ పిచ్చెక్కించాడు, నిజమే. సెకండాఫ్‌లో కిడ్నీ గ్యాంగ్, లాటరీ టికెట్ల ఆవిడ, ఆటో అతను, కిడ్నాప్, డబ్బు సంచులు, లిఫ్టు... ఏది ఎందుకు జరుగుతుందో తెలీదు. సిమి ప్రియుడు ఇన్‌స్పెక్టర్ మనోహర్ చావు చూడండి. సినిమా అంతా విలన్‌గా పెంచి పెంచి, చివరికి లిఫ్టులో ఇరుక్కుని తన తుపాకీతో తనే పోతాడు. హీరో ఏం చేసినట్టు? మన దగ్గర ఏ డైరెక్టరైనా ఇలా తీస్తే ‘క్లైమాక్స్ రాసుకోలేదా’ అని ఉతికి ఆరేసేవాళ్లు. హిందీవాడు తీస్తే డార్క్ కామెడీ.

చదరంగం_చందు
మహేష్ బ్రో, మీరు లోపం అంటున్నదే ఈ సినిమా ప్లాన్. మనోహర్ని హీరో చంపితే అది ప్రతీకారం, దానికి ఒక లెక్క ఉంటుంది. లిఫ్టు చంపితే ఏ లెక్కా లేదు. అందుకే అక్కడ నవ్వొస్తుంది, నవ్వినందుకు కాస్త సిగ్గూ వేస్తుంది.

ఒకసారి సినిమాలో అనుకోకుండా జరిగేవి వరసగా చూడండి. సోఫీ స్కూటర్ వచ్చి ఆకాష్‌కి తగలడం అనుకోకుండా జరిగింది. అది తగలకపోతే సోఫీ వాళ్ల రెస్టారెంట్‌లో పియానో ఉద్యోగం లేదు. ఆ ఉద్యోగం లేకపోతే సిమి భర్త, పాతకాలం హీరో ప్రమోద్ సిన్హా పరిచయం లేదు, పెళ్లిరోజుకి ఇంటికొచ్చి వాయించమని పిలుపూ లేదు. ఆ రోజు సిమి తలుపు సగం తీసి అతన్ని పంపించేద్దామనుకుంటుంది. ఎదురింటి డిసా ఆంటీ అప్పుడే బయట కనబడుతుంది. ఆవిడ చూస్తోందని సిమి అతన్ని లోపలికి రమ్మంటుంది. అలా హత్య జరిగిన ఇంట్లోకి ఆహ్వానం మీద వెళ్లాడు మనవాడు. ఇక్కడిదాకా ఎవరి తప్పూ పెద్దగా లేదు.

కానీ ప్రతి ప్రమాదం తర్వాత సినిమాని ఒక్క క్షణం ఆపి చూడండి. అక్కడ ఎవరో ఒకరు నిజం చెప్పే వీలుంటుంది. ఒక్కరూ చెప్పరు. స్కూటర్ తగిలినప్పుడు ‘అమ్మాయ్, నాకు కళ్లు కనిపిస్తాయి’ అంటే అయిపోయేది. అనలేదు, ఎందుకంటే ఆ అమ్మాయి జాలి బాగుంది. అనుకోనిది తలుపు తీస్తుంది, లోపలికి నడిచేది వీళ్లే. కుందేలు ఒక్కటే సినిమాలో ఏ ఎత్తుగడా లేకుండా ప్రాణం కోసం పరిగెత్తింది. అందుకే దాని మీద నాకు చాలా గౌరవం.

మాస్‌మహేష్
గౌరవం సరే, పోలీస్ స్టేషన్‌కి వెళ్లి చెప్పబోయాడు కదా? ఎదురుగా కూర్చున్నది ఆ హంతకుడే. అక్కడ నిజం చెబితే బతికేవాడా? పిల్లి గురించి ఏదో చెప్పి బయటపడ్డాడు. అది ఎత్తుగడ కాదు, ప్రాణభయం.

చదరంగం_చందు
స్టేషన్ సీన్ వరకు మీతో ఉన్నా. నేనైనా పిల్లి కథే చెప్పేవాణ్ణి, ఇంకా నీరసంగా.

పాతపాటలపిచ్చి
మీరంతా చివరి పది నిమిషాల దగ్గరే కొట్టుకుంటున్నారు. నాకు ఈ సినిమా అంటే ఆ సూట్‌కేస్ సీనే.

ఆకాష్ పియానో ముందు కూర్చుంటాడు. వాయిస్తూ వాయిస్తూ పక్కకి చూస్తే నేల మీద కాళ్లు. మనిషి కనపడడు, కాళ్లే. ఎవరైనా అక్కడ కెవ్వుమంటారు. అతను అనలేడు, ఎందుకంటే ‘చూడలేదు’. బాత్రూమ్‌కి వెళ్తే అక్కడ తుపాకీతో మనోహర్. తిరిగొచ్చి మళ్లీ వాయించాలి. ఇటు పాట నడుస్తూనే ఉంటుంది, అటు సిమి, మనోహర్ రక్తం తుడుస్తుంటారు, శవాన్ని మడిచి సూట్‌కేస్‌లో కుక్కుతుంటారు, సైగలతోనే ఒకరినొకరు కసురుకుంటుంటారు. ఒక్క డైలాగ్ లేదు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు సామాను సర్దుకుంటూ పోట్లాడుకున్నట్టు ఉంటుంది. నవ్వాలో భయపడాలో తేల్చుకునే టైమ్ ఇవ్వడు డైరెక్టర్. ఆయుష్మాన్ ఖురానా ఈ పాత్ర కోసం పియానో నేర్చుకున్నాడు, వేళ్లు అతనివే. అందుకే ఆ సీన్‌లో కెమెరా ధైర్యంగా చేతుల నుంచి మొహానికి వెళ్లగలిగింది.

ఇంకోటి. ప్రమోద్ సిన్హాగా వేసిన అనిల్ ధావన్ నిజంగానే 1970లలో హిందీ హీరో. ఇంట్లో కూర్చుని తన పాత పాటలు తనే చూసుకుని మురిసిపోయే పాత్రకి అతని సొంత పాత సినిమాల ముక్కలే వాడారు. మొదట్లో టైటిల్స్‌లో ‘ఛాయాగీత్’, ‘చిత్రహార్’ ప్రోగ్రామ్‌లకి అంకితం అని వేస్తారు. దూరదర్శన్ కాలం వాళ్లకి గుండె కలుక్కుమంటుంది. అలాంటి మనిషి పెళ్లిరోజున భార్యని ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా ఇంటికొచ్చి చచ్చిపోయాడు. ఈ సినిమాలో ప్రేమతో చేసిన పని బహుశా అదొక్కటే, ముందుగా శిక్ష పడింది కూడా దానికే.

భీమిలి_బాబ్జీ
సిమిగా వేసిన టబు గురించి ఒక్కరూ మాట్లాడరేంటి! హైదరాబాద్ అమ్మాయి, 1991లో ‘కూలీ నెం. 1’లో వెంకటేష్ పక్కన, 1996లో ‘నిన్నే పెళ్లాడతా’లో నాగార్జున పక్కన చూసిన మన మహాలక్ష్మి. ఆవిడ ఇలా నిలువునా మనుషుల్ని తోసేస్తుంటే మా అమ్మ నమ్మలేకపోయింది. ‘ఏదో ఆపద వచ్చుంటుంది పాపం’ అని సిమి తరఫున వాదించింది సినిమా అంతా.

సిరిసిల్ల_స్వప్న
మీ అమ్మగారు అన్నది మరీ తీసిపారేసే మాట కాదు బాబ్జీ గారూ. సిమి మొదటి హత్య ప్లాన్ చేసింది కాదు. భర్త చెప్పాపెట్టకుండా వచ్చాడు, దొరికిపోయింది, గొడవ ముదిరింది. కావాలని చేసింది తర్వాతది, డిసా ఆంటీని పై అంతస్తు నుంచి తోసేయడం. అక్కడ టబు మొహం చూడండి. కోపం లేదు, కంగారు కూడా పెద్దగా లేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేసినంత మామూలుగా చేస్తుంది.

దానికి ముందే వంటింట్లో పీతల సీన్ ఒకటుంది. పీతల్ని ముందు ఫ్రీజర్‌లో పెడితే మత్తులోకి వెళ్తాయి, అప్పుడు వండితే వాటికి నొప్పి తెలీదని చెబుతుంది. ప్రేమగా చెబుతుంది. ఆ పక్కనున్న భర్తకి అర్థం కాదు, మనకీ రెండోసారి చూస్తేగానీ అర్థం కాదు.

ఆకాష్‌ని తలచుకుంటే నాకు ఇంకో మంట. ఆంటీని తోసేస్తుంటే అదే ఇంట్లో, ప్రమోద్ కూతురికి పియానో నేర్పడానికి వచ్చి, కళ్లారా చూశాడు. అప్పుడూ నల్ల కళ్లద్దాలే. సిమి చేసినవి పాపాలు, ఇతను చేసినవి ‘పరిస్థితులు’ అని సినిమా మనల్ని నమ్మిస్తుంది. కథ చెప్పేది ఇతనే కదా మరి.

లాజిక్‌లింగం
స్వప్న గారు చివర్లో అన్నది ఫ్రేమ్ కట్టించుకోవాలి.

డాక్టర్_కృష్ణవేణి
నేను కంటి విభాగంలో పనిచేస్తాను. ఈ సినిమా గురించి ఎక్కడ చర్చ జరిగినా కార్నియా దగ్గర నాకు చేతులు ఆగవు.

కార్నియా అంటే కంటి ముందు వాచీ అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. అది మసకబారితే దాత నుంచి తీసిన కార్నియా అమర్చి చూపు తెప్పించవచ్చు. కానీ విషం మింగడం వల్ల చూపు పోయిందంటే ఎక్కువగా దెబ్బతినేది కంటి వెనక ఉండే నరం. కల్తీ సారా తాగినవాళ్లకి మిథనాల్ చేసే పని అదే. ఆ నరం పోయాక కార్నియాలు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు. టీవీ వైరు తెగిపోతే పైన గాజు మార్చినంత లాభం. సిమి ఏం పెట్టిందో సినిమా కచ్చితంగా చెప్పదు కాబట్టి ఇక్కడ దర్శకుడికి కాస్త వెసులుబాటు ఇద్దాం.

రెండో విషయం. కార్నియాకి రక్తనాళాలు ఉండవు. అందుకే మామూలుగా బ్లడ్ గ్రూప్ కలవాలన్న పట్టింపు ఉండదు. సిమిది అరుదైన బ్లడ్ గ్రూప్ అని డాక్టర్ స్వామి ఎగిరి గంతేసేది లివర్ కోసం, ఎవరో షేక్ కూతురికి అమ్మడానికి. ఆకాష్‌కి కావాల్సిన కార్నియాకీ సిమికీ ప్రత్యేకమైన సంబంధమే లేదు.

మూడోది అసలైనది. కార్నియాలు తీసేది చనిపోయినవాళ్ల కళ్ల నుంచి, అదీ కుటుంబం ఒప్పుకుంటే, సాధారణంగా ఆరు గంటల లోపు. దానికోసం ఎవర్నీ డిక్కీలో పడేయక్కర్లేదు. పుణె నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. ఇక్కడ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఇప్పటికి 50 వేలకు పైగా కార్నియా మార్పిడులు జరిగాయి. 1987లో మొదలైన ఆ సంస్థకి మన సినిమా దర్శకుడు ఎల్వీ ప్రసాద్ పేరే పెట్టారు, ఆయన కుటుంబం ఇచ్చిన విరాళానికి గుర్తుగా. ఇది సినిమా వేదిక కాబట్టి చెబుతున్నా.

ఇదంతా తప్పులు పట్టడానికి రాయలేదు. ‘సిమి చావాలి, లేదా నేను చీకట్లో బతకాలి’ అన్న లెక్క స్వామి పెట్టినది. ఆయన అవయవాలు అమ్ముకునే మనిషి, ఆయనకి కావాల్సింది ఒక తోడుదొంగ. ఆకాష్ ఆ లెక్క సరైనదేనా అని ఒక్క ప్రశ్న కూడా అడగడు. కార్నియా పెట్టించుకున్నాడా లేదా అన్నదానికంటే నాకు ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

గోదారిగట్టు
డాక్టర్ గారూ, ఇది మా ఇంట్లో చదివి వినిపించాను. ‘నరం పోతే కార్నియా పనిచేయదు, కాబట్టి కళ్లు రాలేదు’ అని బావమరిది పండగ చేసుకుంటున్నాడు.

డాక్టర్_కృష్ణవేణి
చేసుకోనివ్వండి. కాకపోతే చూపు తాత్కాలికంగా పోయి, దానంతటదే కొంత తిరిగొచ్చే కేసులూ ఉంటాయని కూడా చెప్పండి.

సెకండ్‌షో శీను
పండగ రద్దు.

నిశిత_వైజాగ్
మా తమ్ముడికి పుట్టినప్పటి నుంచి చూపు లేదు. ఈ సినిమా ఇద్దరం కలిసి ‘చూశాం’. అంటే వాడు విన్నాడు, అడిగిన చోట నేను చెప్పాను. పైన పాతపాటలపిచ్చి గారు రాసిన సీన్ దగ్గర నేను ఏమీ చెప్పకముందే వాడు చేయి ఎత్తి ఆపేశాడు. పియానో కింద నుంచి నేల తుడిచే చప్పుడు, ఏదో బరువు ఈడ్చిన చప్పుడు, జిప్ లాగిన చప్పుడు. ‘పెట్టెలో పెడుతున్నారా?’ అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. వాడు మాత్రం ‘వాడి వేళ్లు తడబడలేదు చూడు, దొంగవెధవ’ అని నవ్వాడు.

వాడు చెప్పింది ఇంకోటి. చూపు లేనివాడి ముందు జనం నిజంగానే అలాగే ఉంటారట, శవాలు దాచకపోయినా. ఒక బ్యాంకులో వాడు కౌంటర్ ముందు నిలబడి ఉంటే ఆ ఉద్యోగి నన్ను చూసి ‘ఈయన సంతకం పెట్టగలరా మేడమ్?’ అని అడిగాడు. వాడి ఎదురుగానే వాడి గురించి, పక్క గదిలో ఉన్నవాడి గురించి మాట్లాడినట్టు. ఆకాష్‌కి ఆ ఇంట్లో దొరికిన రక్షణ అదే. వాళ్లు అతన్ని నమ్మలేదు, లెక్కలో వేసుకోలేదంతే.

డబ్బా మీద తీర్పు కూడా వాడినే అడిగాను. తెల్లకర్రతో నడిచేవాళ్లు కర్రని నేల మీద అటూ ఇటూ ఆడిస్తూ వెళ్తారు. డబ్బా తగిలితే మెల్లగా టక్కుమంటుంది. అప్పుడు ఆగి తడుముతారు, లేదా పక్కకి జరుగుతారు. చేయి వెనక్కి లాగి గురిచూసి కొట్టరు. నేల మీద కదలకుండా ఉన్న డబ్బాకి చప్పుడు ఉండదు, అది అక్కడుందని కొట్టకముందే తెలియాలంటే కళ్లే కావాలి. కాబట్టి ఆకాష్‌కి కనిపిస్తోంది, కేసు క్లోజ్ అన్నాడు.

లాజిక్‌లింగం
నిశిత గారూ, మీ తమ్ముడికి నా తరఫున ఒక బిర్యానీ. మేం ఇన్నేళ్లుగా కర్ర మీది కుందేలు తల బొమ్మ చుట్టూ తిరుగుతున్నాం, కర్ర ఎలా పట్టుకుంటారో ఎవరూ ఆలోచించలేదు.

వరంగల్_వాసు
కనిపిస్తోందనే అనుకుందాం. అయినా సిమిని చంపాడని ఎలా? డాక్టర్ గారే చెప్పారుగా, కార్నియా కావాలంటే హత్య అక్కర్లేదని. రెండేళ్లు గడిచాయి, మనిషి యూరప్‌లో ఉన్నాడు, కచేరీలు చేస్తున్నాడు. ఎక్కడో కంటి బ్యాంకులో వరసలో నిలబడి తెచ్చుకుని ఉండొచ్చు. మళ్లీ గుడ్డివాడిలా నటించడం మాత్రం వాడికి అలవాటైన వ్యాపారం, గుడ్డి పియానిస్టు అంటే టికెట్లు తెగుతాయి. సినిమా మొదట్లో చేసిందీ అదే కదా.

సిరిసిల్ల_స్వప్న
అది ఇంకా భయంకరంగా ఉంది వాసూ. అంటే ఇంత జరిగాక, ఇంతమంది పోయాక, మనిషి ఇంచు కూడా మారలేదన్నమాట.

ఎడారికోకిల
అబుదాబి నుంచి. మా రూమ్‌లో మలయాళీ కుర్రాడు ఉన్నాడు, దీని మలయాళం రీమేక్ ‘భ్రమం’ బెటర్ అని ఒకటే గోల. తెలుగులో 2021లో నితిన్ ‘మాస్ట్రో’ వచ్చింది కదా, దాని గురించి చెప్పండి, వాడి నోరు మూయించాలి.

భీమిలి_బాబ్జీ
‘మాస్ట్రో’ థియేటర్‌కి రాకుండా నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది. మేర్లపాక గాంధీ తీశారు, కథని గోవాకి మార్చారు. నరేష్ ఆ మాజీ హీరో పాత్రలో చక్కగా ఒదిగిపోయారు. సిమి పాత్ర తమన్నా చేసింది, ఆమె కష్టం కనిపిస్తుంది. కానీ సీన్ తర్వాత సీన్ అలాగే దించేస్తే, ఒరిజినల్ చూసినవాడికి ఏ మలుపు ఎప్పుడొస్తుందో ముందే తెలిసిపోతుంది. అనుకోనిది జరగడమే ప్రాణమైన కథని మక్కీకి మక్కీ తీస్తే ఇంకేం మిగులుతుంది? తమిళంలో ప్రశాంత్, సిమ్రన్‌లతో ‘అంధగన్’ 2024లో వచ్చింది, ఇప్పటిదాకా చూసే ఓపిక రాలేదు. మీ రూమ్మేట్‌తో రాజీ పడండి.

మాస్‌మహేష్
చైనాలో కూడా ‘పియానో ప్లేయర్’ అని రిలీజ్ చేస్తే 300 కోట్లు దాటింది. వాళ్లకి సెకండాఫ్ అర్థమైందంటారా?

చదరంగం_చందు
2019 ఏప్రిల్‌లో. అర్థమయ్యే ఉంటుంది బ్రో, అక్కడ కుందేలు పేరుతో ఏడాదే ఉంది.

పాతపాటలపిచ్చి
ఇంకో తెలుగు ముడి చెబుతా. అంధాధున్ డైరెక్టర్ శ్రీరామ్ రాఘవన్ మొదటి సినిమా ‘ఏక్ హసీనా థీ’కి 2004లో నిర్మాత మన రామ్‌గోపాల్ వర్మ. వర్మ 1991లోనే ‘క్షణ క్షణం’ తీశాడు. ఏ పాపం తెలియని అమ్మాయి చేతికి ఫొటోల కవర్‌తో పాటు దొంగసొమ్ము ఆచూకీ వచ్చిపడుతుంది, ఇక పరుగే. అనుకోని దెబ్బకి సామాన్యులు కొట్టుకుపోవడం, మధ్యలో నవ్వు. కాకపోతే అక్కడ సత్య అమాయకురాలు, మనం నిశ్చింతగా ఆమె పక్షాన ఉంటాం. ఇక్కడ ఎవరి పక్షాన ఉండాలో తెలీదు, ఆకాష్‌కి చూపుందని చాటుగా వీడియో తీసిన ఆ పిల్లాడు బండూ తప్ప. వాడు కూడా ఊరికే తీయలేదు లెండి.

నిశిత_వైజాగ్
సోఫీ గురించి ఎవరూ రాయలేదు. సినిమాలో ఒక్క అబద్ధం కూడా ఆడని మనిషి ఆ అమ్మాయే. స్కూటర్‌తో గుద్దినందుకు ఉద్యోగం ఇప్పించింది, ప్రేమించింది, మోసపోయిందని తెలిసి వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాత పోలండ్‌లో కనబడితే మళ్లీ కూర్చుని కథంతా విన్నది. విని ఏమంది? డాక్టర్ చెప్పినదానికి ఒప్పుకోవాల్సింది, సిమి కళ్లు తీసుకోవాల్సింది అంది.

అంటే ఒక ఆడమనిషిని ప్రాణాలతో కోసేసి ఉండాల్సింది అని, కాఫీ తాగుతూ, కన్నీళ్లు పెట్టుకుని, ప్రేమగా అంది. ఆ మంచి అమ్మాయి చేత ఆ మాట అనిపించడానికే ఆకాష్ కథంతా అలా చెప్పాడని నా అనుమానం. చేసింది ఒప్పుకోలేదు, కానీ చేసి ఉంటే తప్పు కాదని తీర్పు మాత్రం రాయించుకున్నాడు. అందుకు కథలో తను దయామయుడు కావాలి, ‘ఆమెని వదిలేయండి’ అని డాక్టర్ని బతిమాలాలి. మరి సిమి ఎలా పోయిందంటే ఎవరి మీదా నేరం పడకూడదు. అప్పుడు కావాల్సి వచ్చింది కుందేలు. అడ్డం తిరిగి సాక్ష్యం చెప్పే జీవి కాదు కదా అది.

వరంగల్_వాసు
అక్కా, ఇది బాగుంది గానీ ఒక చిక్కు. తీర్పు అనుకూలంగా వచ్చాకైనా చెప్పేయొచ్చుగా, ‘అదే చేశాను సోఫీ’ అని? ఇద్దరూ కలిసిపోయేవాళ్లు. మౌనంగా లేచి వెళ్లిపోయాడేం?

నిశిత_వైజాగ్
సోఫీ కరిగింది కథలోని ఆకాష్‌ని చూసి. వదిలేసినవాణ్ణి చూసి ‘వదలకుండా ఉండాల్సింది’ అనడం తేలిక. నిజంగా వదలనివాడు ఎదురుగా కూర్చుంటే అదే సోఫీ కాఫీ కప్పు కింద పెట్టేసి లేచేది. అది అతనికి తెలుసు.

మాస్‌మహేష్
సరే, ఒప్పుకోను గానీ ఈ వీకెండ్ మళ్లీ చూస్తా. సెకండాఫ్ నుంచి.

ఎడారికోకిల
దీనికి మూలం ఫ్రెంచ్ షార్ట్ ఫిల్మ్ అంటారు కదా, అది చూస్తే క్లైమాక్స్ తేలుతుందా?

పాతపాటలపిచ్చి
‘లాకోర్డర్’, 2010, ఒలివియె ట్రీనర్ తీసినది. పావుగంట కూడా ఉండదు. గుడ్డివాడిలా నటించే పియానో ట్యూనర్, హత్య జరిగిన ఇల్లు, అంతే. కుందేలు లేదు, సోఫీ లేదు, లివర్ గొడవ అసలే లేదు. అతను పియానో వాయిస్తుంటాడు, వెనక ఆవిడ మేకులు కొట్టే తుపాకీ పట్టుకుని నిలబడి ఉంటుంది. పేల్చిందా లేదా చెప్పకుండానే సినిమా అయిపోతుంది.

సెకండ్‌షో శీను
అంటే అక్కడా తేల్చలేదు! ఈ ఫ్రెంచివాడికీ మన రాఘవన్‌కీ ఏం ఒప్పందం కుదిరిందో, పడి చచ్చేది మాత్రం మనం.

ఎడారికోకిల
లింక్ ఉంటే పెట్టండి సార్, రేపు ఇక్కడ మాకు సెలవు. ఆ మలయాళీ కుర్రాణ్ణి కూడా కూర్చోబెడతా.